కుందేళ్ల వెంట: వించెల్సీ నుంచి ఫ్లిండర్స్ కొండల దాకా

సోమవారం, వించెల్సీ

ఆస్ట్రేలియాలో కుందేళ్ల బెడద ఎక్కడ పుట్టిందని అడిగితే అందరూ చూపించే ఊరు వించెల్సీ. మెల్‌బోర్న్‌కు నైరుతి దిశగా, జీలాంగ్ దాటిన తరువాత, బార్వన్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరది. అక్కడ బయలుదేరి, ముర్రే నది మీదుగా దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎండు భూముల దాకా వెళ్లి, ఈ జంతువును అదుపు చేయడానికి ఆ దేశం పడిన పాట్లను వీలైనంతవరకు జరిగిన వరుసలోనే చూడాలన్నది మా ఆలోచన. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మా చిన్నాన్నగారి అబ్బాయి కారు నడపడానికి ఒప్పుకున్నాడు.

ఊరి శివారులో బార్వన్ పార్క్ అనే మేడ ఉంది. నీలి ఛాయ గల నల్లరాతితో కట్టిన ఈ 42 గదుల భవనం 1871లో పూర్తయింది. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. దీన్ని కట్టించిన థామస్ ఆస్టిన్ గొర్రెల పెంపకంతో సంపన్నుడైన భూస్వామి. వేట సరదా కోసం ఆయన ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతం నుంచి తెప్పించుకున్న 24 కుందేళ్లు 1859 డిసెంబరు 25న మెల్‌బోర్న్ రేవులో దిగాయి. మూడేళ్లు తిరిగేసరికి అవి వేలకు చేరాయి. 1867లో విక్టోరియా రాణి కుమారుడు ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ వేటకు విచ్చేసినప్పుడు కుందేళ్ల సమృద్ధి ఆతిథ్యంలో భాగమైంది. పొరుగు రైతులకు మాత్రం అప్పటికే అదొక తలనొప్పిగా తయారైంది. మేడ పూర్తయిన ఏడాదే ఆస్టిన్ కన్నుమూశారు. ఆయన భార్య ఎలిజబెత్ ఇచ్చిన విరాళంతో మెల్‌బోర్న్‌లో వెలసిన ఆస్టిన్ ఆసుపత్రి నేటికీ రోగులకు సేవ చేస్తోంది. కానీ ఈ దేశపు రైతు నోట ఆస్టిన్ పేరు వచ్చేది ఆసుపత్రి వల్ల కాదు.

పాపమంతా ఒక్కరి నెత్తిన రుద్దడం న్యాయమా అన్న సందేహం నాకు చాలాకాలం ఉండేది. ఎందుకంటే 1788లో సిడ్నీకి వచ్చిన తొలి బ్రిటిష్ వలస ఓడల్లోనే కుందేళ్లు ఉన్నాయి. ఆ తరువాత డెబ్భై ఏళ్లలో అనేకులు అనేక చోట్లకు వాటిని తెచ్చారు. అయినా అవేవీ ఖండమంతటా పాకలేదు. 2022లో వెలువడిన ఒక జన్యు పరిశోధన ఈ చిక్కును చాలావరకు విప్పింది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని అడవి కుందేళ్లలో అత్యధిక భాగం వంశమూలాలు ఆస్టిన్ తెప్పించిన మందకే చేరుతున్నాయని అది తేల్చింది. అంతకుముందు వచ్చినవి చాలావరకు మనుషుల చేతుల్లో పెరిగిన సాధు జాతివి. వీటిలో మాత్రం అడవి కుందేలు రక్తం ఉంది. నక్కనూ డేగనూ తప్పించుకోవడం, నేల తవ్వుకొని బతకడం తెలిసిన ప్రాణులవి. గొర్రెలు మేసి పలచబరచిన పచ్చిక, గొర్రెల కోసం డింగో కుక్కలను చంపేసిన పొలాలు వాటికి సిద్ధంగా దొరికాయి. అక్కడి నుంచి అవి కొన్ని ప్రాంతాల్లో ఏడాదికి 100 కిలోమీటర్ల వేగంతో పాకి, దాదాపు యాభై ఏళ్లలో ఖండపు దక్షిణార్ధాన్నంతా ఆక్రమించాయి.

ఇంత వేగానికి మూలం వాటి సంతానోత్పత్తి. ఆడకుందేలు చూడికాలం నెలరోజులకు మించదు. ఈనిన కొద్ది గంటల్లోనే అది మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు మూడు నాలుగు నెలలకే ఈడుకొస్తాయి. అన్నీ అనుకూలిస్తే ఒక్క జంట నుంచి ఏడాదిన్నరలో 184 కుందేళ్లు కాగలవని ఇక్కడి వ్యవసాయ శాఖల కరపత్రాల్లో లెక్క కనిపిస్తుంది. అది కాగితం మీది లెక్కే కావచ్చు. కానీ వంద కుందేళ్లలో తొంభైని చంపిన రైతు మరుసటి ఏడాదికి మళ్లీ మొదటికే ఎందుకు వస్తాడో అర్థం కావడానికి ఆ లెక్క చాలు.

సాయంత్రం నది ఒడ్డున నడుస్తుంటే గట్టు కింది పొదల్లోంచి మూడు కుందేళ్లు బయటికి వచ్చి, మమ్మల్ని చూసి కూడా పెద్దగా బెదరకుండా మేత సాగించాయి.

మంగళవారం, స్టోనీ రైజెస్

కొలాక్ పట్టణం దాటి పడమరకు వెళ్తే నేల స్వరూపం ఒక్కసారిగా మారిపోతుంది. ఒకప్పటి అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి, పగిలి, గుట్టలు గుట్టలుగా మిగిలిన రాతి ప్రదేశమిది. రాళ్ల సందులే కుందేళ్లకు కట్టిపెట్టిన ఇళ్లు; తవ్వుకోవాల్సిన పని కూడా లేదు. సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు ఈ ప్రాంతంలో మైళ్ల పొడవునా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిని పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో ప్రత్యేకించి కుందేళ్లను ఆపడానికే కట్టారు. పనితనం చూసి ముచ్చటపడకుండా ఉండలేము. ఒక్క సందు విడవకుండా చిన్నరాళ్లు దట్టించి, పైన బరువైన పలకలు పరిచారు. ప్రయోజనం మాత్రం అంతంతమాత్రమే.

గోడ తరువాత వచ్చిన ఆలోచన కంచె. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901లో మొదలుపెట్టి 1907 నాటికి మూడు కంచెలను పూర్తిచేసింది. వాటి మొత్తం పొడవు 3,256 కిలోమీటర్లు. దక్షిణ సముద్రతీరం నుంచి ఉత్తర తీరం దాకా సాగిన మొదటి కంచె ఒక్కటే 1,833 కిలోమీటర్లు. ఒంటెల మీద తిరిగే కాపలాదారులు దానిని మరమ్మతు చేస్తూ ఉండేవారు. కానీ పని ఇంకా సాగుతుండగానే, 1902లోనే, కంచె కాపాడాల్సిన పడమటి వైపున కుందేళ్లు కనిపించాయి. కంచె అనగానే నవ్వి కొట్టిపారేసే కథగా దీన్ని చాలామంది చెబుతారు. నేను అంతదూరం వెళ్లను. క్వీన్స్‌లాండ్ దక్షిణ భాగంలో 555 కిలోమీటర్ల కంచె ఒకటి ఇప్పటికీ నిత్య కాపలాతో నిలబడి ఉంది. దాని వెనకనున్న డార్లింగ్ డౌన్స్ పొలాల్లో కుందేళ్లు ఎన్నడూ పెద్ద సంఖ్యలో స్థిరపడలేకపోయాయి. ఆ రాష్ట్రంలో పెంపుడు కుందేలును ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం. ప్రత్యేక అనుమతితో ఇంద్రజాలికులకు మాత్రం మినహాయింపు ఉంది. కుందేలు రాకముందే కట్టి, కట్టాక వదిలేయని కంచె పనిచేస్తుంది. వచ్చాక కట్టింది చేతులు కాలాక పట్టుకున్న ఆకు.

ఏదో ఒక్క దెబ్బతో ఈ పీడ వదిలించుకోవాలన్న ఆశ కూడా ఆ కాలానిదే. 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కుందేళ్లను నిర్మూలించే ఉపాయం చెప్పినవారికి 25,000 పౌన్ల బహుమానం ప్రకటించింది. ప్రపంచం నలుమూలల నుంచి 1,400కు పైగా ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. పారిస్ నుంచి లూయీ పాశ్చర్ కోళ్ల కలరా సూక్ష్మజీవితో తన మేనల్లుడు ఆడ్రియన్ లువార్‌ను పంపారు. 1888లో సిడ్నీ రేవులోని రాడ్ ద్వీపం మీద పరీక్షలు జరిగాయి. ఎర తిన్న కుందేళ్లు చచ్చాయి గానీ జబ్బు ఒకదాని నుంచి మరొకదానికి సరిగా పాకలేదు. పైగా పక్షులకు ప్రమాదం. బహుమానం ఎవరికీ దక్కలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్లు కంచెవారు కంచె గురించీ, విషంవారు విషం గురించీ వాదించుకుంటూ ఉండగా కాలం గడిచిపోయింది.

వాదనకు దూరంగా ఉన్నవారు మరో వర్గం. కుందేళ్లను పట్టి అమ్ముకొని బతికేవారు వేలమంది ఉండేవారు. ఫెల్ట్ టోపీలకు కుందేలు బొచ్చు కావాలి, మాంసం డబ్బాల్లో ఎగుమతి కావాలి, కరవు కాలంలో పేదవాడి కంచంలోకి అదే మాంసం. 1930ల మాంద్యంలో ఎన్నో కుటుంబాలను కుందేలే గట్టెక్కించింది. అలాంటివారు పెద్దవాటిని పట్టి, ఈనడానికి పనికొచ్చే వాటిని వదిలేశారన్న ఫిర్యాదులో ఆశ్చర్యమేమీ లేదు. తోకకు ఇంత అని ప్రభుత్వం చెల్లించిన చోటల్లా ఇదే కథ. ఏ చీడకైనా తలకింత అని వెల కట్టిన మరుక్షణం, ఆ చీడ బతికి ఉండాలని కోరుకునేవారు తయారవుతారు.

బుధవారం, గన్‌బవర్

ఉదయాన్నే బయలుదేరి బెండిగో మీదుగా ఉత్తరానికి, ముర్రే నది వైపు సాగాం. గన్‌బవర్ దగ్గర నది పాయలుగా చీలి, వరద వచ్చినప్పుడు మునిగే ఎర్ర యూకలిప్టస్ అడవిని చుట్టుకొని పారుతుంది. కారు దిగిన క్షణం నుంచి దోమలు వదలలేదు. ఈ కథలో అవి ముఖ్యపాత్రలే గనుక పెద్దగా విసుక్కోలేదు.

మిక్సోమా అనే వైరస్ దక్షిణ అమెరికాలోని ఒక రకం కుందేళ్లలో చిన్న కణితి మాత్రమే కలిగిస్తుంది. యూరప్ కుందేలుకు సోకితే దాదాపు ఖాయంగా చంపుతుంది. దీన్ని ఆస్ట్రేలియాకు తేవచ్చునన్న సూచన 1919లోనే వచ్చినా, 1930ల్లో మెల్‌బోర్న్ వైద్యురాలు జీన్ మెక్‌నమారా పట్టుబట్టి వెంటపడిన తరువాతే కదలిక వచ్చింది. పోలియో పిల్లలకు చికిత్స చేసే డాక్టరుగా ఆమెకు వైరస్‌ల సంగతి తెలుసు. పల్లెల్లో తిరిగిన మనిషిగా కుందేళ్ల సంగతీ తెలుసు. దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని వార్డాంగ్ ద్వీపంలోనూ, ఎండు భూముల్లోనూ చేసిన తొలి పరీక్షలు నిరాశే మిగిల్చాయి. జబ్బు ఒక బొరియలో మొదలై అక్కడే ఆరిపోయేది. 1950లో ముర్రే లోయలో, ఈ గన్‌బవర్ దగ్గరా మరికొన్ని చోట్లా, జబ్బు అంటించిన కుందేళ్లను వదిలారు. నెలల తరబడి ఏమీ జరగలేదు. పరిశోధకులు ఇక సర్దుకుందామనుకునే దశకు వచ్చారు. డిసెంబరులో వానలు, వరదలు, దోమలు వచ్చాయి. ఉన్నట్టుండి నది వెంట మైళ్ల కొద్దీ కళ్లు వాచిన కుందేళ్లు పగటిపూటే తూలుతూ కనిపించసాగాయి. ఆ వైరస్ దోమ ఒంట్లో పెరగదు. దాని ముక్కుసూదికి అంటుకొని ఒక కుందేలు నుంచి మరొక కుందేలుకు చేరుతుందంతే. ఎండు నేలలో లేని ఆ సూదులు నది ఒడ్డున లెక్కలేనన్ని దొరికాయి.

రెండేళ్లలో దేశంలోని 60 కోట్ల కుందేళ్లు 10 కోట్లకు తగ్గాయని సాధారణంగా చెప్పే అంచనా. పచ్చిక తిరిగి వచ్చింది; ఉన్ని దిగుబడి పెరిగింది. ఆ నాటి రైతు దీన్ని దైవకృపగా భావించడంలో వింతలేదు. కానీ చచ్చే తీరు ఘోరం. కనురెప్పలు, ముఖం, జననాంగాలు వాచి, గుడ్డిదై, పదీ పన్నెండు రోజులు ఈడ్చుకొని ప్రాణం విడుస్తుంది. ఈ జబ్బుకు టీకా ఉన్నా, ఆస్ట్రేలియాలో పెంపుడు కుందేళ్లకు వేయడానికి ఇప్పటికీ అనుమతి లేదు. టీకాలో వాడే బలహీనమైన వైరస్ అడవి కుందేళ్లకు అంటి వాటికి రక్షణ కల్పిస్తుందేమోనన్న భయం. తమ్ముడు కారులో కూర్చున్నాక చాలాసేపటికి, “అన్నయ్యా, పంట కోసం చంపాలంటే సరే, ఇలా చంపాలా?” అని అడిగాడు. గొర్రెలూ కంగారూలూ మేత లేక మాడి చావడం కూడా చూసిన నేల ఇది అని మాత్రం అన్నాను. అది పూర్తి సమాధానం కాదని నాకూ తెలుసు.

గురువారం, మిల్డ్యూరా

1951 వేసవిలో ఈ పట్టణ పరిసరాల్లో మనుషులకు మెదడువాపు జ్వరం వచ్చింది. పక్కనే కుందేళ్లు కుప్పలుగా చస్తున్నాయి. రెండింటికీ దోమలే వాహకాలు. కుందేళ్ల వైరస్సే మనుషులకు పాకిందన్న భయం ఊరూరా వ్యాపించింది. రెండూ వేరువేరు వైరస్‌లని ప్రయోగశాలలో తేలినా జనం నమ్మలేదు. అప్పుడు ఫ్రాంక్ ఫెన్నర్, మెక్‌ఫార్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు ప్రముఖ శాస్త్రవేత్తలు మిక్సోమా వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు. ఏమీ కాలేదు. పార్లమెంటులో ఆ సంగతి ప్రకటించాక గొడవ సద్దుమణిగింది.

ఫెన్నర్ చేసిన అసలు పని మాత్రం ఇంతకంటే నిదానమైనది. ఏడాదికేడాది పొలాల నుంచి వైరస్‌ను సేకరించి, అది ఎంత తీవ్రంగా చంపుతోందో ఆయన కొలుస్తూ పోయారు. మొదట వదిలిన వైరస్ సోకిన నూరు కుందేళ్లలో తొంభైతొమ్మిదికి పైగా చచ్చేవి. కొద్ది సంవత్సరాలకే పొలాల్లో ఎక్కువగా కనిపించినవి అంత తీవ్రత లేని రకాలు. కారణం సులువుగానే అర్థమవుతుంది. కుందేలును త్వరగా చంపే వైరస్‌కు దోమ కుట్టడానికి దొరికే రోజులు తక్కువ. నిదానంగా చంపేదానికి ఎక్కువ. అటువైపు, బతికి బట్టకట్టిన కుందేళ్ల పిల్లల్లో నిరోధశక్తి పెరిగింది. ఉరానా సరస్సు దగ్గరి కుందేళ్ల మీద ఒకే రకపు వైరస్‌తో పరీక్షించి చూస్తే, మొదట్లో నూటికి 90 చచ్చిన చోట, వరుసగా ఏడు విడతల జబ్బు తరువాత 25 మాత్రమే చచ్చాయి. వైరస్, అది పట్టే ప్రాణి కలిసి ఎలా మారతాయన్నదానికి ప్రపంచంలో ఇంత చక్కగా నమోదైన ఉదాహరణలు తక్కువ. శాస్త్రానికి అది గొప్ప పాఠం, రైతుకు చేదు కబురు.

నన్ను ఆలోచింపజేసింది ఆ తొలి రెండేళ్ల తరువాతి నిర్లిప్తత. పదింట ఒక వంతుకు దిగిన చోట మిగిలినవాటిని పట్టుబట్టి తొలగించిన రైతులు నిశ్చింతగా ఉన్నారు. పని వైరస్ చూసుకుంటుందని కూర్చున్నవారికి పదేళ్లకు పాత కథే ఎదురైంది. 1968లో దోమలు చాలని చోట్ల జబ్బును మోయడానికి యూరప్ నుంచి కుందేలు గోమార్లను (ఫ్లీ అనే, రక్తం పీల్చే చిన్న పురుగులను) తెచ్చి వదిలారు. ఎండు ప్రాంతాల కోసం 1993లో స్పెయిన్ నుంచి మరో రకం గోమారును తెచ్చారు.

మిల్డ్యూరా నుంచి పడమరకు రోజంతా ప్రయాణమే. చెప్పుకోదగినది లేదు.

శుక్రవారం, పోర్ట్ విక్టోరియా

యార్క్ ద్వీపకల్పపు పడమటి ఒడ్డున ఉన్న ఈ చిన్న రేవులో నిలబడితే ఎదురుగా నీళ్ల మీద చదునైన గీతలా వార్డాంగ్ ద్వీపం కనిపిస్తుంది. అది నారంగా ప్రజల భూమి. అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు. రేవు నుంచి చూడటంతోనే తృప్తిపడ్డాం.

1984లో చైనాలో పెంపుడు కుందేళ్ల మధ్య ఒక కొత్త జబ్బు బయటపడింది. కాలిసివైరస్ కుటుంబానికి చెందిన ఈ వైరస్ కాలేయాన్ని దెబ్బతీసి, రెండు మూడు రోజుల్లో చంపుతుంది. కుందేలు బయటికి జబ్బుగా కనిపించకుండానే కూలిపోతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని ముందు కట్టుదిట్టమైన ప్రయోగశాలలో పరీక్షించి, 1995లో వార్డాంగ్ ద్వీపం మీద, కంచెలు కట్టిన ఆవరణల్లో ప్రయత్నించారు. ఆ ఏడాది అక్టోబరులో అది కంచెలు దాటింది, సముద్రమూ దాటింది. గాలికి కొట్టుకుపోయిన ఈగలే మోసుకుపోయి ఉంటాయన్నది ఎక్కువమంది అభిప్రాయం. ఆ నెలాఖరుకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని యుంటా దగ్గరా, ఫ్లిండర్స్ కొండల్లోనూ కుందేళ్లు చచ్చిపడి కనిపించాయి. ఎనిమిది వారాల్లో కోటి కుందేళ్లు చనిపోయాయని అంచనా. ఇక దాచడానికేమీ మిగలని స్థితిలో 1996లో ప్రభుత్వం అధికారికంగానే దాన్ని దేశమంతటా విడుదల చేసింది.

ఫలితం మంచిదే గదా అని ఈ తప్పించుకోవడాన్ని తేలికగా తీసుకునేవారు ఉన్నారు. నాకు ఆ వాదన రుచించదు. ప్రజల అభిప్రాయం ఇంకా సేకరించాల్సి ఉన్న దశలో, వైరస్ తన విడుదల తేదీని తానే నిర్ణయించుకుంది. ఈసారి అది ఇతర జంతువులకు హాని చేయనిదైంది.

ఎండు ప్రాంతాల్లో ఈ జబ్బు నూటికి తొంభై దాకా చంపింది. చల్లని, వానలు పడే చోట్ల అంత పనిచేయలేదు. అక్కడి కుందేళ్లలో ఎప్పటినుంచో హానిలేని కాలిసివైరస్ ఒకటి తిరుగుతూ, అసలైన జబ్బుకు కొంత రక్షణ ఇస్తోందని తరువాత తెలిసింది. మరో చిక్కు పిల్లలతో. రెండు నెలలు నిండని కూన ఈ జబ్బు సోకినా సాధారణంగా చావదు. బతికి, జీవితాంతం రక్షణ పొందుతుంది. అంటే ఈతల కాలంలో వైరస్‌ను వదలడమంటే రాబోయే తరానికి మన చేతులతో టీకా వేయడమే. 2015లో క్యాన్‌బెరాలో కనిపించిన కొత్త రకం కూనలనూ చంపుతుంది. అది ఎలా వచ్చిందో గానీ ఎవరూ వదలకుండానే దేశమంతా పాకింది. 2017 మార్చిలో కొరియా నుంచి తెచ్చిన రకాన్ని ప్రభుత్వం వదిలేసరికి రంగం చాలావరకు ఆ 2015 నాటి రకం చేతుల్లోకి పోయింది.

ఆదివారం, రాక్స్‌బీ డౌన్స్

శనివారమంతా ఉత్తరానికి ప్రయాణించి, పోర్ట్ అగస్టా దాటి, ఎర్రమట్టి ఎడారి అంచున ఉన్న ఈ గనుల పట్టణానికి చేరాం. 1997లో మొదలైన అరిడ్ రికవరీ అనే సంరక్షణ ప్రదేశం పట్టణానికి దగ్గరలోనే ఉంది. 123 చదరపు కిలోమీటర్ల నేలను కంచెతో చుట్టి, అందులో కొంత భాగం నుంచి కుందేలును, పిల్లిని, నక్కను పూర్తిగా తొలగించారు. కంచెను దగ్గరగా చూశాను. కింది వల కన్ను 30 మిల్లీమీటర్లే. అంతకంటే పెద్దదైతే కూనలు దూరిపోతాయి. వల అడుగుభాగం నేల మీద బయటివైపు పరచి ఉంటుంది, తవ్వి దూరకుండా. పై అంచు బయటికి వంగి వదులుగా ఊగుతుంది. పిల్లి ఎక్కితే దాని బరువుకే వంగిపోయి వెనక్కి పడేస్తుంది.

కంచెకు ఇవతల ముల్గా చెట్లు గొడుగుల్లా నిలబడి ఉన్నాయి. కింద మొలకలన్నవి లేవు. అవతల అదే ముల్గా, వాటి మధ్య మోకాలెత్తు పిల్లచెట్లు. రెండు హెక్టార్లకు ఒక కుందేలు ఉన్నా చాలు, కొన్ని జాతుల చెట్ల మొలకలు ఒక్కటీ పైకి రావు. పెద్దచెట్లు ఉన్నంతకాలం అడవి ఉన్నట్లే కనిపిస్తుంది. అవి ముసలివై పడిపోయాక వాటి స్థానంలో నిలిచేది ఏదీ ఉండదు. పంటనష్టం ఆ ఏడాదే కనిపిస్తుంది కాబట్టి రైతు గోల పెడతాడు. ఈ నష్టం కనిపించడానికి వందేళ్లు పడుతుంది గనుక గోల పెట్టేవారు లేరు.

1995 తరువాత ఈ ప్రాంతంలో జరిగిన ఒక మార్పును 2016లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. కుందేళ్లు కూలిన తరువాత, గెంతే ఎలుకలూ ముల్గారా వంటి చిన్న స్థానిక జంతువులు, దశాబ్దాలుగా కనిపించని చోట్లకు తిరిగి విస్తరించాయి. మేత మిగలడం ఒక కారణం. కుందేళ్లను తిని బలిసిన పిల్లులు, నక్కలు ఆహారం లేక తగ్గిపోవడం మరొకటి. అయితే కుందేళ్లు హఠాత్తుగా కూలితే ఆకలిగొన్న పిల్లీ నక్కా మొదట స్థానిక జంతువుల మీదే పడతాయి. అందుకే కుందేళ్లతోపాటు వాటి పని కూడా పట్టాలంటారు ఇక్కడివారు.

ఆవరణ లోపల మరో తంటా నడుస్తోంది. ప్రధాన భూభాగంలో అంతరించిపోయి, దీవుల్లో మిగిలిన, బొరియలు తవ్వే బెట్టాంగ్ అనే చిన్న కంగారూ జాతిని 1999లో తెచ్చి వదిలితే, వేటాడేవి లేని చోట అవి విపరీతంగా పెరిగి మొక్కలను తామే నాశనం చేయసాగాయి. కంచె లోపలి ప్రకృతిని కూడా మనుషులే తూచుకుంటూ ఉండాలి.

మంగళవారం, హాకర్ దగ్గరి పొలం

వెనక్కి పోర్ట్ అగస్టాకు వచ్చి, ఫ్లిండర్స్ కొండల వైపు తిరిగి, సోమవారం రాత్రికి హాకర్ చేరాం. ఈ కొండల్లోని జాతీయ పార్కులో 1992 నుంచి నక్కలకు ఎర వేయడం, అడవి మేకలను తొలగించడం, కుందేళ్ల బొరియలను దున్నివేయడం కలిపి ఒకే కార్యక్రమంగా నడుపుతున్నారు. 1995లో జబ్బు వచ్చి కుందేళ్లు తగ్గిన వెనువెంటనే ఇక్కడివారు వేలాది బొరియల దిబ్బలను దున్నివేశారు. కంగారూల కుటుంబానికి చెందిన పసుపుపాదాల రాతి వాలబీలు ఇక్కడ పెరగడంలో వైరస్‌కు ఎంత వాటా ఉందో ఆ ట్రాక్టర్లకూ అంత ఉందని నా నమ్మకం.

పార్కుకు ఆనుకొని గొర్రెలు మేపే ఒక పెద్దాయన తన పొలంలో అదే పని జరుగుతోందని చెప్పి, చూడటానికి రమ్మన్నారు. పది కుందేళ్లు తినే మేత ఒక గొర్రె మేతతో సమానమన్నది ఆయన లెక్క. మొదట ఒక దిబ్బను చూపించారు. గది వెడల్పున కొద్దిగా ఉబ్బిన నేల, అందులో ఇరవైకి తక్కువ కాని ద్వారాలు. వాడుకలో ఉన్న ద్వారం ఏదో, వదిలేసినది ఏదో చూసి చెప్పవచ్చు. సాలెగూడు, ఎండుటాకులు అడ్డం ఉంటే వదిలేసినట్లు. గుమ్మం నున్నగా ఉండి, తాజా మట్టి మీద గోళ్ల గీతలుంటే లోపల కాపురమున్నట్లు. పక్కనే ఒకే చోట పోసినట్లు పెంటికల కుప్ప ఉంది. మగకుందేలు తన హద్దు చాటుకొనే చోటు అదే. ఆయన ఒక పెంటికను వేళ్ల మధ్య నలిపి, లోపల ఇంకా పచ్చగా ఉందని చూపించి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నారు.

దున్నడానికి ముందు చేయాల్సిన పని చాలా ఉంది. వేసవి చివర, పచ్చిక లేక కుందేళ్లు ఆకలితో ఉండి, ఈతలు ఆగిన సమయంలో, వాటి దారుల వెంట విషం కలపని ఓట్లు గాని క్యారెట్ ముక్కలు గాని కొద్దిరోజుల తేడాతో రెండు మూడుసార్లు వేస్తారు. అలవాటుపడ్డాక అదే చోట, అదే తీరుగా 1080 అనే విషం కలిపిన ఎర వేస్తారు. దానికి విరుగుడు లేదు. పశువులను, గొర్రెల కాపలా కుక్కలను దూరంగా కట్టేయాలి, పొరుగువారికి ముందే తెలియజేయాలి. ఇళ్లకు దగ్గరైతే నిదానంగా పనిచేసే పిండోన్ వాడతారు. అందుకు కె విటమిన్ విరుగుడుగా ఉంది. 1080లోని విషపదార్థం పశ్చిమ ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. వాటి మధ్య పుట్టి పెరిగిన అక్కడి స్థానిక జంతువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. కుందేలు, నక్క తట్టుకోలేవు.

ఎర తరువాత మిగిలినవాటిని కుక్కలతో తరిమి బొరియల్లోకి చేర్చారు. ఆపైన డోజర్ కదిలింది. వెనక బిగించిన మూడు పొడవాటి కర్రులు మోకాలు దాటిన లోతున నేలలోకి దిగి, అర మీటరు ఎడంతో చాళ్లు వేసుకుంటూ దిబ్బను ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా చీల్చాయి. దిబ్బ అంచు దాటి మూడు నాలుగు మీటర్ల దాకా దున్నారు. సొరంగాలు పైకి కనిపించినంతలో ఆగవట. నేల పొడిగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి. తడిగా ఉంటే కర్రు పోయిన చోట గాడి పడుతుందే తప్ప సొరంగం కూలదు. ఎర్రటి దుమ్ము లేచి, తవ్విన మట్టి వాసనతోపాటు లోపల ఏళ్లుగా నిలవున్న ఘాటైన మూత్రం కంపు ఒక్కసారిగా బయటికొచ్చింది.

నేను ఇంత దూరం వచ్చి చూసినవాటిలో నాకు అన్నింటికంటే నమ్మకం కలిగించిన పని ఇదే. వైరస్‌కు ఎదురు తిరిగే శక్తి కుందేలుకు వస్తుంది, విషపు ఎరను అనుమానించడం నేర్చుకుంటుంది. గట్టినేలలో కొత్త బొరియ తవ్వడం మాత్రం దానికి మహా కష్టం. పాత బొరియ ఉన్న చోట ఒక్క జంట బతికినా చాలు, తలుపులు తెరుచుకొని ఏడాదిలో నిండిపోతుంది. బొరియ లేకపోతే ఎండకు, గద్దకు, నక్కకు దొరికిపోతుంది. కూనలను దాచుకొనే చోటే ఉండదు. జబ్బు వచ్చి సంఖ్య పడిపోయినప్పుడు సంబరపడి ఊరుకోవడం కాక, ఆ అదనుకే బొరియలు కూల్చాలి. పత్రికల్లో ఎక్కని, పేరు రాని, డీజిలు ఖర్చయ్యే పని గనుక చాలామంది వాయిదా వేస్తారు.

రాతిగుట్టల్లో, చెట్ల వేళ్ల కింద, ఆదివాసుల పవిత్ర స్థలాల్లో డోజర్ దిగకూడదు. అలాంటి చోట ద్వారాలు ఒక్కొక్కటే వెతికి, అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు లోపల వేసి, మట్టితో మూస్తారు. నేలలోని తేమకు బిళ్ల కరిగి విషవాయువు వస్తుంది. చేతి తొడుగులు, ముఖానికి రక్షణ లేకుండా ఆ డబ్బా తెరవరు.

పని ముగిశాక పెద్దాయన ఒక నలిగిన పటం తీసి, దున్నిన దిబ్బలను పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నారు. నెల తిరగకుండా వచ్చి అన్నింటినీ మళ్లీ చూడాలి. ఎంత బాగా దున్నినా కొన్ని చోట్ల ద్వారాలు తెరుచుకుంటాయి. వాటికి బిళ్లలు వేయాలి, లేదా మళ్లీ దున్నాలి. ఆ తరువాత ఏడాదికొకసారి చూడాలి. కంచెకు అవతలి పొలం కొన్నవారు ఊళ్లో ఉండరు, ఉత్తరాలకు జవాబివ్వరు. అక్కడి దిబ్బలు పటంలో ఖాళీ వృత్తాలుగా మిగిలాయి. వచ్చే వారం మళ్లీ ఫోన్ చేస్తాననీ, అప్పటికీ పలకకపోతే ఆ సరిహద్దు వెంట ఉన్న తన దిబ్బలను ఆ ఏడాది రెండుసార్లు చూసుకోక తప్పదనీ అన్నారు.